మా సంధ్య రక్తంలో నీలి వెలుగు

ఈ రోజు నారాయణగూడలోని మా ల్యాబ్‌లో ఎగిరి గంతేశాను.

కొన్ని యాంటీబయాటిక్‌లు అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరుస్తాయి. ఆ మెరుపును కొలిస్తే మందు ఎంతుందో తెలుస్తుంది. మాత్రల్లో ఎప్పుడో కొలిచాను కానీ, రక్తంలో కుదరక నా పీహెచ్‌డీ నెలలుగా ఆగిపోయింది. ఈ రోజు కుదిరింది!

ఆ రక్తం ఇచ్చింది అశోక్‌నగర్ హాస్టల్లో నా రూమ్మేట్ సంధ్య. గ్రూప్స్‌కు చదువుతోంది. డాక్టరు రాస్తే ఆ మందే వాడుతోంది. సాయంత్రం పరుగున వెళ్లి చెప్పాను.

"అంటే నేను చీకట్ల మెరుస్తనా అక్కా?"

"నువ్వు కాదే, నీ రక్తంల ఉన్న మందు! అది గూడ మెషీన్‌లనే."

"గదంత నాకెందుకు? జర లైటు బంద్ చెయ్యి!"

తనే స్విచ్ ఆపేసి చేతులు చాచింది. ఏమీ మెరవలేదు. అయినా ఇద్దరం కళ్లు చిట్లించి మరీ వెతికాం.

నిజం చెప్పండి, మీరైతే చూసుకోరూ?