అత్తయ్య దించుకున్న ఆరు కిలోలు

మా అత్తయ్య ఇరవై ఆరేళ్లుగా డ్రైవింగ్ స్కూల్ నడుపుతోంది. ఊళ్లో సగం మందికి క్లచ్ వదలడం నేర్పింది ఆవిడే. మిగతా సగం మంది ఆవిడ కేకలకు భయపడి బస్సుల్లో తిరుగుతారు. వారమంతా "మెల్లగా, మెల్లగా" అని గొంతు చించుకునే ఈ మనిషి, ఆదివారం వస్తే తన పాత ఎర్ర స్పోర్ట్స్ కారు వేసుకుని ఊరి బయట రేస్ ట్రాక్ మీద చెలరేగిపోతుంది. పక్క సీట్లో మామయ్య. గట్టు మీద స్టాప్‌వాచ్‌తో నేను.

ఆవిడకు ఒకటే పిచ్చి. ఒక చుట్టు రెండు నిమిషాల లోపు తిరగాలి. మూడేళ్లుగా ఎంత తొక్కినా రెండు నిమిషాల మీద అర సెకను మిగిలిపోతోంది. ఇంతలో ట్రాక్ స్థలాన్ని గోదాములకు ఇచ్చేశారని, వచ్చే ఆదివారమే ఆఖరని తెలిసింది. మూడోనాటికల్లా ఇంట్లో ఓ పొడుగాటి అట్టపెట్టె దిగింది.

అందులో ఉన్నది డ్రైవ్‌షాఫ్ట్. ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు అందించే గొట్టమన్నమాట. పాతది ఉక్కుది, పద్నాలుగు కిలోలు. కొత్తది కార్బన్ ఫైబర్‌ది, ఎనిమిదే. అత్తయ్య దాన్ని ఒంటిచేత్తో ఎత్తి, హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి ఊరేగించింది.

మామయ్యది లేత్ వర్క్‌షాపు. ఇనుము గురించి ఆయనకు తెలియనిది లేదు. తెలిసింది చెప్పకుండా ఉండటమే తెలియదు.

"సన్నటి గొట్టం అది. దాన్ని తిప్పడానికి ఇంజిన్‌కేం కష్టం? చక్రాల బరువు తగ్గిస్తే తేడా తెలుస్తుంది. దీనివల్ల నీకొచ్చేది గోరంత," అన్నాడు.

"నాక్కావలసిందీ గోరంతే. మీరు బిగిస్తారా, నన్నే కారు కింద దూరమంటారా?" అంది అత్తయ్య.

బిగించాడు. పాతది రెండు ముక్కలు, కొత్తది ఒకటే ముక్క. దాంతో వేగం అందుకున్నప్పుడల్లా సీటు కింద వచ్చే వణుకు మాయమైంది. ఆ మాట మామయ్య తనే ఒప్పుకున్నాడు, అదీ పళ్లు తోముకుంటూ, ఎవరికీ సరిగ్గా వినపడకుండా.

ఆదివారం మొదటి చుట్టు. రెండు నిమిషాల మీద సెకనులో ఐదో వంతు మాత్రమే మిగిలింది. నేను ఎగిరి గంతేశాను, అత్తయ్య మొహం మాడ్చుకుంది. రెండో చుట్టూ అంతే. ఇక నా నోరు ఊరుకోలేదు. ఈ సంగతి ట్రాక్ మీద అందరికీ మూడేళ్లుగా తెలుసు, పైకి అనే ధైర్యమే ఎవరికీ లేదు.

"అత్తయ్యా, ఆరు కిలోల కోసం ఇంత హంగామా చేశావు. పక్కన ఎనభై రెండు కిలోల మనిషిని కూర్చోబెట్టుకుని తిరుగుతున్నావు."

మామయ్య నవ్వుతూ బెల్టు విప్పుకుని దిగిపోయాడు. అత్తయ్య నన్ను చూసిన చూపుకు వాచీ చేతిలోంచి జారబోయింది.

ఒంటరిగా వెళ్లింది. రెండు నిమిషాల మూడు సెకన్లు. మూడో మలుపులో గడ్డిలోకి దూసుకుపోయి, బంపరు నిండా గడ్డి తగిలించుకుని వచ్చింది.

"బ్రేకు ఎక్కడ వేయాలో తెలియలేదు," అంది, ఊరందరికీ బ్రేకు నేర్పిన మనిషి.

అప్పుడు బయటపడిన విషయమేమిటంటే, మలుపు దగ్గరపడగానే మామయ్య భయంతో కాలు నేలకేసి తొక్కుతాడు. ఆయన వైపు బ్రేకేమీ లేదు, అయినా తొక్కుతాడు. ఆయన తొక్కాక ఒక్క లిప్త ఆగి అత్తయ్య అసలు బ్రేకు తొక్కుతుంది. మూడేళ్లుగా ఆవిడ లెక్క అదే. నాకు నవ్వాగలేదు. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"ఎక్కండి," అంది అత్తయ్య. "బాగా భయపడండి."

ఎక్కాడు. ఇదే ఆఖరి చుట్టు అని చెప్పి జెండా ఊపాడు అక్కడి మనిషి. కారు గీత దాటగానే వాచీ నొక్కాను. ఒక నిమిషం యాభై తొమ్మిది పాయింట్ ఎనిమిది. మూడుసార్లు చూసుకున్నాను, నాలుగోసారి జెండా ఊపినాయనకు వాచీ చూపించి, ఆయన భుజాలు పట్టుకుని గెంతాను. ముక్కూ మొహం తెలియని వాళ్లంతా వచ్చి మాతోపాటు గెంతారు.

కారు ఆగింది. మామయ్య మొహం పాలిపోయింది. ఆ స్థితిలోనూ ఆయన వాదన వదల్లేదు.

"అయితే ఆ షాఫ్టు దేనికోయ్? నన్ను ఎప్పుడో దించేసి, రెండు నెలలు ఒక్కదానివే అలవాటు చేసుకుంటే ఈపాటికి దాటేదానివి కదా?"

అత్తయ్య హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మిమ్మల్ని దించకుండా దాటాలనే కదండీ, అది కొన్నది."