దిగొచ్చని చెప్పింది నేనే

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు ఈ మాట ఎత్తే ధైర్యం నాకు ఇన్నేళ్ళలో రాలేదు. గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు ఉంది బతుకు. మింగలేను, కక్కలేను. ఫోన్ మోగితే ఉలిక్కిపడతాను. దుకాణం ముందు ఎవరైనా బండి ఆపితే, వాళ్ళు హెల్మెట్ తీసి ముఖం చూపించేదాకా నా ప్రాణం నాది కాదు. నా భార్య ఈ దడను గ్యాస్ అనుకుని వాము నీళ్ళు కాచి ఇస్తుంది. తాగుతాను. ఇంకేం చెయ్యను?

ముందు చిన్న నిజం చెప్పనివ్వండి. పెద్దది దాని వెనకాలే వస్తుంది. నాకు రంగులు సరిగ్గా కనిపించవు. చూపు బాగానే ఉంది, దూరంగా వచ్చే బస్సు బోర్డు కూడా చదువుతాను. ఎరుపు, ఆకుపచ్చ, గులాబీ, వాటి మధ్య ఉండే లేత రంగులు మాత్రం నాకు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మాది కేసముద్రం దగ్గర పల్లె. మిర్చి తోటలో పండుకాయలు ఏరమంటే పచ్చికాయలు కూడా తెంపి గంపలో వేసేవాడిని. "వీనికి పని మీద సోయే లేదు" అని అమ్మ నెత్తిన మొట్టేది. నేనూ అదే అనుకున్నాను. అసలు సంగతి రైల్వే పరీక్ష పాసయ్యాక బయటపడింది. కళ్ళ డాక్టరు రంగు చుక్కల బొమ్మ ముందుపెట్టి అందులో అంకె చదవమన్నాడు. నాకు చుక్కలే కనిపించాయి. ఇంటికొచ్చి లిస్టులో పేరు రాలేదన్నాను, పైరవీ ఉన్నోళ్ళకే ఇచ్చారన్నాను. అలాంటి అబద్ధాన్ని మా దగ్గర ఎవరూ రెండోసారి అడగరు. పెళ్ళిచూపుల్లో కూడా అదే చెప్పుకున్నాం, కొద్దిలో తప్పిపోయింది అని. అది ఒక అబద్ధం. దాన్ని కాపాడుకోవడానికే మిగతావన్నీ ఆడాను.

తర్వాత భూపాలపల్లిలో ఒక ఫిజియోథెరపీ సెంటర్లో పనికి కుదిరాను. అక్కడ వేడినీళ్ళ తొట్టి ఒకటి పెట్టారు. నలుగురు కూర్చునేంత తొట్టి. మోటారు వేస్తే గోడల్లోని రంధ్రాల నుంచి నీళ్ళు బుడగలు బుడగలుగా ఎగదన్నేవి, గదంతా ఆవిరి కమ్మేది. నడుములు, మోకాళ్ళు పట్టేసిన పెద్దవాళ్ళు అందులో కూర్చుని "అబ్బ, సర్గం" అనేవారు. ఆ నీళ్ళు చూసుకోవడమే నా ఉద్యోగం. తొట్టి బిగించిన మనిషి పోతూ పోతూ అన్నీ నేర్పాడు. అందరూ సబ్బుతో కడుక్కున్నాకే దిగాలి. వేడికి క్లోరిన్ తొందరగా ఆవిరైపోతుంది, అందుకని చన్నీళ్ళ కొలనుకన్నా జాగ్రత్తగా చూడాలి. జాలీ కడగాలి, నీళ్ళు మార్చాలి, పైపుల్లో జిగురు పట్టనివ్వకూడదు. అన్నిటికన్నా ముఖ్యం పరీక్ష. చిన్న గాజు గొట్టంలో తొట్టినీళ్ళు పట్టి ఒక మాత్ర వెయ్యాలి. గులాబీ రంగు వస్తుంది. రంగు ముదురుగా ఉంటే నీళ్ళలో క్లోరిన్ మందు ఉన్నట్టు, పాలిపోతే లేనట్టు. గొట్టాన్ని వెలుతురుకు పట్టి నన్ను అడిగాడు, రంగు కనిపిస్తోందా అని. కనిపిస్తోంది సార్ అన్నాను. ఉత్త నీళ్ళు కనిపించాయి నాకు.

ఆ పూటే చెప్పి ఉంటే ఏమయ్యేది? మహా అయితే నవ్వేవాడు. గొట్టం చూడటానికి ఇంకొకరిని పెట్టేవారు. రంగు చూసి చెప్పడానికి రెండు కళ్ళున్న ఎవరైనా చాలు. అది కూడా అడగలేకపోయాను. అడిగితే రైల్వే సంగతి బయటికొస్తుందని, అత్తగారింటిదాకా పోతుందని భయం. భయపడేవాడికి అవమానం కొండంత కనిపిస్తుంది, ఎదుటివాడి ప్రాణం మాత్రం కనిపించదు.

గొట్టం పట్టేవాడిని, మాత్ర వేసేవాడిని, వెలుతురుకెత్తి తల ఊపేవాడిని. తర్వాత చెంచా లెక్కన మందు వేసేవాడిని. మొదట్లో జనం తక్కువ, ఆ లెక్కే సరిపోయింది. చలికాలం వచ్చింది, జనం పెరిగారు. కడుక్కుని రండని గట్టిగా చెప్పాల్సిన నేను, పెద్దవాళ్ళని ఏమంటాంలే అని ఊరుకునేవాడిని. వాళ్ళు ఇంట్లో మోకాళ్ళకు నూనె మర్దన చేసుకుని, దాని మీద నొప్పుల మలాం రాసుకుని అలాగే వచ్చి దిగేవారు. తొట్టి అంచు చుట్టూ జిడ్డు గీత పడింది. నీళ్ళు ఘాటు వాసన కొట్టడం మొదలైంది, కళ్ళు మండుతున్నాయన్నారు. మందు ఎక్కువైంది, తగ్గించు అన్నాడు యజమాని. నాకూ నిజమే అనిపించి తగ్గించాను. ఆ వాసన మందు ఎక్కువై వచ్చేది కాదని, చెమటతో, జిడ్డుతో పోరాడి మందు అయిపోవస్తే వచ్చేదని చాలా తర్వాత చదివి తెలుసుకున్నాను. గొట్టంలో రంగు పాలిపోయి ఉంటుంది, చూడగలిగినవాడికి తెలిసిపోయేది. నేను రోజూ దాన్ని ముఖం ముందు పట్టుకుని నిలబడ్డాను.

ఆ రోజుల్లోనే బాపు వచ్చేవాడు. పేరు రాయను. ఆయన వాళ్ళ ఊళ్ళో అందరికీ బాపే. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. నడుము నొప్పి, దానికి తోడు దుమ్ము మింగిన ఊపిరితిత్తులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కూతురు సరోజక్క స్కూటీ మీద తీసుకొచ్చేది. ఆయనకో అలవాటు ఉంది. తొట్టి అంచు దగ్గర ఆగి నా ముఖంలోకి చూసేవాడు. "ఏం కొడుకా, దిగొచ్చునా?" అనేవాడు. నేను నవ్వితే ఆయన నవ్వేవాడు కాదు. బాయిలోకి దిగే ముందు సర్దారు అనే ఆయన పోయి లోపల గాలి చూసి వచ్చేవాడట, విషగాలి లేదని ఆయన చెబితేనే మిగతావాళ్ళు కాలు పెట్టేవారట. "చూసెటోడు చెప్పినంక ఇగ మనం ఆలోచన చెయ్యొద్దు కొడుకా. గా భరోసా మీదనే గిన్నేండ్లు దిగిన" అన్నాడొకసారి. నేను ప్రతిసారీ చెప్పేవాడిని, దిగు బాపు, నీళ్ళు మంచిగున్నయి అని. ఆయన ఇంకేమీ ఆలోచించకుండా దిగేవాడు. ఆవిరిలో కళ్ళు మూసుకుని లోతుగా ఊపిరి పీల్చేవాడు.

ఒక వారం రాలేదు. చలికి రాలేదేమో అనుకున్నాను. ఒక మధ్యాహ్నం సరోజక్క ఫోన్ చేసింది, వరంగల్ దవాఖాన నుంచి. ఆ మాటలు ఈ రోజుకీ అలాగే వినిపిస్తాయి.

"తమ్మీ, బాపుకు నిమోనియా అంటుండ్రు. మందులిస్తే జరం దిగుత లేదు. డాక్టరు అడుగుతుండు, ఉడుకునీళ్ళ తొట్టిల గిట్ల కూసున్నడా అని. గా నీళ్ళు మంచిగ లేకుంటే ఆవిరితోని గూడ వస్తదట. గట్లయితే మందు మార్చాల్నట. జర నిజం చెప్పు తమ్మీ, నీళ్ళు ఎట్ల ఉంటయి?"

చెప్పడానికి ఒక్క మాట చాలు. నాకు తెలియదక్కా, నేను చూడలేను, ఆ నీళ్ళ మీద నమ్మకం పెట్టుకోవద్దని డాక్టరుకు చెప్పు. అంతే. అది నాలుకదాకా వచ్చింది కూడా.

"నీళ్ళకేమైందక్కా? రోజూ చూస్తనే ఉన్న గద. మంచిగనే ఉన్నయి" అన్నాను.

"హమ్మయ్య. నేను గూడ డాక్టరుకు గట్లనే చెప్పిన, గా పిలగాడు మస్తు జాగ్రత్త అని" అని పెట్టేసింది.

నేను కూర్చోలేదు. సీదా పోయి తొట్టి నీళ్ళు వదిలేశాను. ఎవరైనా వస్తారేమో, పరీక్షకని ఆ నీళ్ళు సీసాలో పట్టుకుపోతారేమో అని భయం. నీళ్ళు పోయేటప్పుడు రంధ్రాల్లో వేలు పెట్టి చూశాను. లోపల జారుతోంది. వేలి చుట్టూ జిగురు చుట్టుకుని వచ్చింది. దాని రంగేమిటో నాకు తెలియలేదు, వాసన మాత్రం తెలిసింది. బ్లీచింగ్ పోసి పైపులు, గోడలు, అంచులు చేతులు బొబ్బలెక్కేదాకా రుద్దాను. మళ్ళీ నింపాను. ఆ తొట్టి అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. చూడటానికి ఎవరూ రాలేదు.

బాపు ఆ వారంలోనే పోయాడు.

దుమ్ము ఊపిరితిత్తులు కదా, ఎప్పటికైనా ఇంతే అన్నారు అందరూ. బాయే మింగిందన్నారు. నేను దినాలకు పోయాను, పోకపోతే అనుమానిస్తారని. తేలు కుట్టిన దొంగలా ఓ మూల కూర్చున్నాను. సరోజక్క వచ్చి నా పక్కన కూలబడి ఏడ్చింది. తప్పంతా తనదేనంది. వేడినీళ్ళల్లోంచి లేపి, తల సరిగ్గా ఆరకముందే, చెవులకు గుడ్డ కట్టకుండా చలిగాలిలో స్కూటీ మీద తీసుకుపోయానని, ఆ గాలే పట్టేసిందని, కన్నతండ్రిని చేతులారా చంపుకున్నానని నెత్తి కొట్టుకుంది. ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. ఊరుకో అక్కా అన్నాను. ఊరుకో అన్నానే గానీ, నీ తప్పు కాదు అనలేదు. అంటే ఎవరి తప్పని అడుగుతుందేమో. ఇప్పుడు తలుచుకుంటే నాకు అన్నిటికన్నా భయం వేసేది ఆ క్షణమే. దొరికిపోలేదని లోలోపల నాకు ఊరట కలిగింది. ఒక ఆడకూతురు నా పాపాన్ని నెత్తిన పెట్టుకుంటుంటే ఊరట! నేను అలాంటివాడినని అప్పటిదాకా నాకే తెలియదు.

నీళ్ళవల్లే పోయాడని రుజువేముంది, అని రాత్రింబవళ్ళు నాతో నేనే వాదించుకున్నాను. రుజువు లేదు, నిజమే. ఉన్న రుజువును మోరీలోకి వదిలింది నేనే కదా. మందు మారిస్తే బతికేవాడా? ఏమో. డాక్టరుకు ఆ అవకాశమైనా ఇవ్వాల్సింది. అది నా నోట్లో ఉంది, నేను మింగేశాను.

ఆ పని మానేశాను. ఇప్పుడు జనగామలో సిమెంటు దుకాణంలో ఉంటున్నాను. సిమెంటుకు ఒకటే రంగు. ఎవరైనా బొగ్గుబాయి మాట ఎత్తితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను. ఇలాగే గడిచిపోతుందనుకున్నాను.

మొన్న ఎండాకాలంలో మహబూబాబాద్ స్టేషన్లో సరోజక్క కనిపించింది. రోహిణి ఎండ, రేకుల కింద నిలబడితే మాడు పగిలిపోతోంది. ఆమె పక్కన కొడుకు, బడికి పోయే వయసు. వాడి చెవులు కప్పేలా తలకు మందపాటి మఫ్లర్ కట్టి ఉంది. ముఖమంతా చెమట, మెడంతా చెమట పొక్కులు. వాడు విప్పబోతే, ఆమె వాడి చెయ్యి మీద కొట్టి మళ్ళీ గట్టిగా కట్టింది. నన్ను చూసి గుర్తుపట్టి, మంచిగున్నవా తమ్మీ అంది. పిల్లాడి వైపు చూస్తున్నానని గమనించినట్టుంది, గాలి మంచిది కాదు తమ్మీ, బాపు సంగతి నీకు తెల్వదా, స్కూటీ గూడ అప్పుడే అమ్మేసిన అంది. రైలొచ్చింది, ఎక్కాను, సీటు దొరికినా కూర్చోలేదు. నేను భయపడుతూ బతుకుతున్నానని ఇన్నాళ్ళూ నా మీద నేనే జాలిపడ్డాను. నా భయం నాదేనా? ఆమెకు కూడా అంటించాను కదా.

అందుకే ఇది రాస్తున్నాను. మీకు రాయడం సులువు, మీరు నన్నేమీ చెయ్యరు. ఇంతవరకు రాసేసరికి గొంతు కొంచెం వదులైంది, దాచను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆమె చేతిలో కూడా ఉందో లేదో. ఆమె నంబర్ నా ఫోన్లో అలాగే ఉంది. ఈ కాగితాలు ఫొటోలు తీసి ఆమెకూ పంపుతాను. చదివి పోలీసుల దగ్గరికి పోవచ్చు, మనుషుల్ని తీసుకుని దుకాణం మీదికి రావచ్చు, నా భార్య ముందు నిలబెట్టి అడగవచ్చు. అయినా రాస్తున్నాను.

అక్కా, గాలి కాదు. నువ్వు బాపును జాగ్రత్తగానే తీసుకుపోయినవ్. నేనే నీళ్ళు చూడకుండా చూసిన అని చెప్పిన. నువ్వు అడిగిన నాడు నీకు అబద్ధం చెప్పిన. ముందు ఆ పిల్లాని మఫ్లర్ విప్పు. తర్వాత నన్ను ఏమన్నా చెయ్యి.