ఒకవేళ లచ్చన్న

మా లచ్చన్నకు ఒక్కటే జబ్బు. ఎవరు ఏ మంచి మాట చెప్పినా చెయ్యెత్తి, "ఒకవేళ..." అంటాడు. బహ్రెయిన్‌లోని రిఫాలో మా తెలుగు ప్రార్థన కూటానికి నలభై మందిమి వస్తాం. అందరూ ఆయన్ని ఒకవేళ లచ్చన్న అనే పిలుస్తారు. నా ఫోన్‌లో కూడా ఆ పేరే ఉంది.

ఒక శుక్రవారం కొత్త దంపతుల కోసం ప్రార్థన చేశారు. ఆమెన్ అనగానే చెయ్యి లేచింది.

"ఒకవేళ ఇద్దరికి ఒక్కపారే కోపమొస్తే ఎట్ల, అయ్యగారూ?"

పాస్టర్ జస్వంత్ గారు కాస్త ఆలోచించి, "ఒకరు బయటికెళ్ళి పాల ప్యాకెట్ తెచ్చుకోవాలి" అన్నారు. ఆ పెళ్ళికొడుకు ఫ్రిజ్‌లో ఇప్పుడెప్పుడు చూసినా ఎనిమిది ప్యాకెట్లకు తక్కువ ఉండవు.

లిఫ్టు ఎక్కితే, "ఒకవేళ నడుమల ఆగితే ఏ బటన్ ఒత్తాలె?" అని పక్కవాళ్ళను అడుగుతాడు. ఆయనతో పైకి వెళ్ళినవాళ్ళు మెట్ల మీదుగా దిగివచ్చేవారు. తమాషా ఏమిటంటే, ఈయన పని పరంజాలు కట్టడం. జగిత్యాల దగ్గరి పల్లెనుంచి వచ్చి పదిహేనేళ్ళుగా బహ్రెయిన్ మేడలకు ఇనుప పైపులు బిగిస్తున్నాడు. ఇరవయ్యో అంతస్తులో పైపు మీద నిలబడి చాయ్ తాగుతాడు. కిందికి దిగాక చాయ్ అమ్మేవాడిని, "ఒకవేళ గ్లాసు పగిలితే?" అంటాడు.

ఇంత నోరున్న మనిషి సాక్ష్యాల సమయం వచ్చేసరికి మాత్రం మాయం. దేవుడు తమకు చేసిన మేలు గురించి ఒక్కొక్కరే లేచి చెబుతుంటే, ఈయన వెనక్కి వెళ్ళి కూలర్ మీద నీళ్ళ డబ్బా మారుస్తాడు. నిండుగా ఉన్న డబ్బా కూడా మారుస్తాడు.

అలాంటివాడు పెరూ వెళ్ళడానికి పేరిచ్చాడు.

పెరూలో పన్నెండు వేల అడుగుల ఎత్తున ఒక కొండ ఊరుంది. స్పానిష్ మాట్లాడే ఆ ఊళ్ళో పాస్టరు గారు ఇంతకుముందు రెండుసార్లు ఉండి సేవ చేసి వచ్చారు. అక్కడి ప్రార్థన మందిరం పైకప్పు వానలకు కూలిపోయింది. ఆగస్టు నుంచి ఆరు వారాలు తనతోపాటు సేవకు రావడానికి ముగ్గురు కావాలన్నారు. పైకప్పు వేయడానికి లచ్చన్న, పిల్లలకూ తల్లులకూ మందూమాకూ చూడడానికి నర్సు సాయికుమారి, పరంజా కింద నిలబడి పట్టుకోవడానికి నేను. రేకులు కొని పెట్టేశారు. నవంబరులో మళ్ళీ వానలు. పట్టుకునేవాడు లేకపోతే పరంజా లేవదు, పరంజా లేవకపోతే కప్పూ లేదు.

నేను ఆఫీసులో భవనాల ప్లాన్లు గీస్తాను. పదో అంతస్తు వరకూ గీస్తాను, ఎక్కను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ కొండల్లో బస్సు వెళ్ళే దారి వీడియో ఒకటి చూశాను. దారి అంచున చక్రం, చక్రం పక్కన మబ్బు. ఏసీ కింద కూర్చుని పదకొండుసార్లు చూశాను, పదకొండుసార్లూ చొక్కా తడిసింది. కూటంలో మాత్రం, "భయమేమిటి లచ్చన్నా, దేవుడు లేడూ" అనేవాణ్ణి.

ప్రతి శుక్రవారం మాకు తయారీ తరగతి. పాస్టరు గారు ఒక మాట చెప్పగానే ఆయన చెయ్యి లేచేది.

"అక్కడ కుందేలుకీ ఎలుకకీ మధ్యరకం జంతువును కాల్చి పెడతారు. గౌరవం చేసి పెడతారు."

"ఒకవేళ మింగుడువడకపోతే, అయ్యగారూ?"

"ఒక్క ముక్క తిని పొట్ట నిమురుకోండి. వాళ్ళే బంగాళాదుంపలు పెడతారు."

"ఒకవేళ మూడో దినానికే ఇల్లు యాదికొచ్చి ఏడుపొస్తే?"

సాయికుమారి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏంటి అన్నా, చిన్నపిల్లాడిలాగ."

"ఏడవొచ్చు. నేను వంటగది వెనకాల ఏడ్చేవాణ్ణి. చోటు చూపిస్తాను" అన్నారు పాస్టరు గారు.

"ఒకవేళ బస్సుల లోయ దిక్కు సీటొస్తే?"

అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. "కొండవైపు మార్చమని అడగొచ్చు, తప్పేం లేదు" అన్న జవాబును మాత్రం జాగ్రత్తగా గుర్తుపెట్టుకున్నాను.

స్పానిష్‌లో ఆయన నేర్చుకున్నది ఒక్కటే: నో ఎంతియెందో. అర్థం కాలేదు అని. నమస్కారం నేర్చుకోవయ్యా అంటే, "అది చెయ్యి ఎత్తినా తెలుస్తది" అన్నాడు. మా ఇద్దరి చేతా మాత్రం ఆ మాట వందసార్లు అనిపించాడు.

ఒకరోజు సఖీర్ దాటాక ఎడారిలో ఉన్న గుట్ట ఎక్కించారు, అలవాటు కోసం. సగం ఎక్కాక నాకు చెవుల్లో హోరు మొదలైంది. సరిగ్గా అప్పుడే లచ్చన్న, "ఒకవేళ కండ్లు తిరిగితే ఎట్ల?" అన్నాడు. కూర్చుని కాళ్ళు ముందుకు చాపి మెల్లగా జారాలని పాస్టరు గారు చెప్పారు. లచ్చన్నకు పద్ధతి చూపించడానికి నేను గుట్ట కిందిదాకా కూర్చునే దిగాను. ప్యాంటు పోయింది.

వెళ్ళడానికి వారం ఉందనగా నాకు ధైర్యం పూర్తిగా అయిపోయింది. చివరి తరగతిలో, ఆఫీసువాళ్ళు సెలవివ్వలేదని చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. సెలవు కాగితం సంతకంతో సహా చొక్కా జేబులోనే ఉంది.

లచ్చన్నను కార్మికుల క్యాంపు నుంచి కారులో తీసుకొచ్చేది నేనే. ఆ రోజు దారిలో కోల్డ్ స్టోర్ అనే చిన్న కిరాణా కొట్టు దగ్గర నీళ్ళ కోసం దిగాడు. సీటు మీద ఆయన నోటుపుస్తకం ఉంది. ఒకవేళలన్నీ అందులోంచే వస్తాయని తెలుసు. నవ్వుకుంటూ తెరిచాను. చెల్లె అంటే సాయికుమారి, గంగసారు అంటే నేను.

'చెల్లె. ఎలుక కూర అనంగనే మొఖం తెల్లవడ్డది. అడుగాలె.'

'చెల్లె. కొడుకు ఫొటో మాటిమాటికి చూస్తుంది. ఏడుపు గురించి అడుగాలె.'

'గంగసారు. బాల్కనీల గోడకానుకొని నిలవడ్తడు. లోయ సీటు అడుగాలె.'

తర్వాతి పేజీలో, 'గంగసారు. గుట్ట మీద చేతులు వణికినయి. అడుగాలె.' ఆ కింద, ఆ రోజే రాసినట్టుగా, 'గంగసారు. రాను అంటడు కావచ్చు. నేనే ముందుగాల అడుగాలె.'

పేజీలన్నీ తిప్పాను. ఆయన పేరు ఎక్కడా లేదు.

తరగతిలో పాస్టరు గారు టికెట్ల సంగతి ఎత్తగానే చెయ్యి లేచింది.

"ఒకవేళ ఆఖరి దినం ఎవలన్న రాము అంటే, తిడ్తరా అయ్యగారూ?"

"తిట్టను. ఎందుకు రారు?"

"భయమైతది."

సాయికుమారి నవ్వలేదు. పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ బస్సులో నేను రెండుసార్లూ కళ్ళు మూసుకునే వెళ్ళాను. దారి ఎలా ఉంటుందో నిజానికి నాకు తెలియదు. ఈసారి కూడా మూసుకుంటాను. కావాలంటే చేతులు పట్టుకుందాం."

జేబులోంచి సెలవు కాగితం తీసి ఆయనకిచ్చాను. "ఆఫీసులో ఒప్పుకున్నారండీ" అన్నాను.

తిరుగుదారిలో అడిగాను. "పుస్తకం చూశాను లచ్చన్నా. ఎందుకిలా?"

"పొద్దున డ్యూటీ ముందట సేఫ్టీ మీటింగుంటది సారూ. ఇంగ్లీషుల చెప్తరు, హిందీల చెప్తరు, సమజైందా అంటరు. అందరం తలకాయలు ఊపుతం. భూమేష్ అని మా ఊరి పోరడు, కొత్తగొచ్చిండు, వాడు గూడ ఊపిండు. బెల్టు ఎక్కడ తగిలియ్యాలెనో వానికి తెల్వలే. వాని మొఖం జూస్తే నాకు తెలిసింది. నేనడిగితే అయిపోతుండె. నవ్వుతరని ఊకున్న. వాడు పడ్డడు, కాలిరిగింది."

"ఇప్పుడు?"

"మంచిగున్నడు, ఊళ్ళె మేకలు పెట్టిండు. నేనే గప్పటిసంది నవ్వేటోళ్ళను నా దిక్కు మలుపుకున్న."

వారం తర్వాత ముహర్రక్ విమానాశ్రయంలో నలుగురం కూర్చున్నాం. పాస్టరు గారు ఆ ఊరి కార్యక్రమం చదువుతున్నారు. మొదటి ఆదివారం ఆరాధన, కొత్తగా వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి సాక్ష్యం చెప్పాలి. చెయ్యి లేస్తుందని చూశాను. లేవలేదు. లచ్చన్న ఒళ్ళో సంచీ పట్టుకుని, నీళ్ళ కూలర్ ఎక్కడుందా అని హాలంతా వెతుకుతున్నాడు.

నేను చెయ్యెత్తాను.

"ఒకవేళ ముందుకెళ్ళాక నోట మాట రాకపోతే ఎలాగండీ?"

"ఏమీ మాట్లాడక్కర్లేదు" అన్నారు పాస్టరు గారు. "వేసిన కప్పు చూపించి కూర్చోవచ్చు."

లచ్చన్న సంచీ కింద పెట్టాడు. నావైపు తిరిగాడు.

"గంత భయమా సారూ నీకు?" అన్నాడు.

"ఏం చెయ్యను లచ్చన్నా" అన్నాను.