పప్పు కుక్కర్, కోచ్‌గారి టైమౌట్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, చేతిలో ఇంజనీరింగ్ డిగ్రీ, అమెరికా వచ్చి నాలుగు నెలలు. ఇంతకంటే ఏం కావాలి మనిషికి? ఇవాళ నేపర్‌విల్‌లో ఆఫీస్ రైలు దిగి ఇంటికొచ్చాక మా టీవీ రిమోట్‌లో ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో కూడా గట్టిగా చెప్పలేను గానీ, అప్పుడు మాత్రం ఎవరి గురించైనా నిలబడ్డ చోటే తీర్పు ఇచ్చేసేవాణ్ణి. అలా నా చేత తీర్పు చెప్పించుకున్నవాళ్ళలో మా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్ ఒకాయన. ఆ ఆటలో ఆయనకి ముప్ఫై ఏళ్ళ అనుభవం, నాకు పదకొండు వారాలు. (అందులో మొదటి మూడు వారాలు, బంతి బుట్టలో పడితే ఒకసారి రెండు, ఒకసారి మూడు ఎందుకిస్తున్నారో అర్థం కాక, స్కోరు వేసేవాడికి లెక్కలు రావనుకున్నాను.)

అసలు నాకు బాస్కెట్‌బాల్ ఎందుకంటే, మా పెద్దన్న వల్ల. సొంత అన్న కాదు లెండి. వరంగల్ మనిషి, పీహెచ్‌డీలో ఆరో ఏడు నడుస్తోంది, ఎప్పుడవుతుందని అడిగే ధైర్యం క్యాంపస్‌లో ఎవరికీ లేదు. తెలుగువాళ్ళందరికీ ఆయనే పెద్దన్న. ఆయన అపార్ట్‌మెంట్‌లో ఒక సోఫా, ఒక పెద్ద టీవీ ఉండేవి. రెండూ ఎవరో చెత్తకుండీ పక్కన వదిలేసి పోతే, ఆయనా, ఆయన రూమ్మేటు గుంటూరు బావా (ఎవరికి బావో ఎవరికీ తెలీదు) మంచులో మోసుకొచ్చారు. ప్రతి శనివారం మధ్యాహ్నం అక్కడ మా కాలేజీ టీమ్ మ్యాచ్ చూసేవాళ్ళం. నేనుండేది పక్క బిల్డింగ్‌లో. నా రూమ్మేటు చెవులకి హెడ్‌ఫోన్స్ తీసేవాడు కాదు. నాతో పలికే ప్రాణి ఆ ఇంట్లో మైక్రోవేవ్ ఒక్కటే. అందుకే శనివారం ఎప్పుడొస్తుందా అని సోమవారం నుంచీ చూసేవాణ్ణి. ఆ సోఫాలో కుడివైపు చివరి సీటు నాది. దానికి బదులుగా శనివారం పప్పు వండే బాధ్యత కూడా నాదే.

ఆ ఇంట్లో ఒక చట్టం ఉండేది. మన టీమ్ ముందంజలో ఉండగా ఎవరూ సీట్లోంచి లేవకూడదు. ఇది మనకి కొత్తేం కాదుగా! క్రికెట్ చూసే తెలుగు ఇళ్ళన్నిట్లో ఉన్నదే. మా ఇంట్లో ఒకసారి మనవాళ్ళు సిక్సర్ మీద సిక్సర్ కొడుతుంటే, నీళ్ళచెంబుతో గుమ్మంలోకొచ్చిన మా మేనత్తని మ్యాచ్ అయ్యేదాకా అక్కడే నిలబెట్టేశాం. ఆవిడ కూడా చెంబు దించకుండా నిలబడింది. ఆ పద్ధతిని పెద్దన్న పెట్టెలో ఆవకాయతో పాటు తెచ్చుకుని, బాస్కెట్‌బాల్‌కి అమలు చేశాడు. "ఎవడన్న లేస్తే కాళ్ళు ఇరగ్గొడ్త" అని ప్రతి మ్యాచ్‌కీ ముందు ఒకసారి చెప్పేవాడు.

ఆ శనివారం పక్క రాష్ట్రం వాళ్ళతో మ్యాచ్. వాళ్ళకీ మనకీ తాతల కాలం నుంచీ పడదట. (నేనొచ్చి నాలుగు నెలలే అయినా నాకూ పడేది కాదు.) ఏడు నిమిషాలు మిగిలాయి, మనం పదకొండు పాయింట్ల ముందున్నాం. బావ అప్పుడే గెలిచినట్టు చొక్కా తీసి తలకి చుట్టుకున్నాడు. వంటింట్లో కుక్కర్ నాలుగో విజిల్ వేసింది. నేను కదిలాను. పెద్దన్న టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే "కూసో" అన్నాడు. ఐదో విజిల్.

"అన్నా, పప్పు మాడిపోతుంది."

"మాడనీ. పప్పు మల్ల దొరుకుతది. గీ మ్యాచ్ దొరుకుతదా?"

ఆరో విజిల్‌కి వాసన కూడా వచ్చింది. ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. అంతకుముందు నెలలో బావ పెట్టిన తాలింపు పొగకి స్మోక్ అలారం మోగి, బిల్డింగ్ మొత్తం చెప్పుల్లేకుండా మంచులో నిలబడింది. ఫైరింజన్ వచ్చింది. ఇంకోసారి అలా జరిగితే ఖాళీ చేయిస్తానని మేనేజర్ ఆవిడ కాగితం కూడా అంటించి వెళ్ళింది. పప్పు కోసం కాదు, ఆ ఇంటి కోసమే నేను లేచాను. పెద్దన్న "ఒరేయ్!" అని అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

స్టవ్ కట్టేసి వచ్చేద్దామనుకున్నాను. నేను చెయ్యి పెట్టేసరికి కుక్కర్ సేఫ్టీ వాల్వ్ ఎగిరిపోయి, పప్పంతా సీలింగ్ మీదికి పోయింది. కాస్త నా తల మీదా పడింది. కుర్చీ ఎక్కి సీలింగ్ తుడుస్తున్నాను. హాల్లోంచి ముందు "అయ్యో" వినిపించింది. తర్వాత "చచ్చాం రా నాయనా". ఆ తర్వాత ఏమీ వినిపించలేదు, దానికే ఎక్కువ భయమేసింది. గుడ్డ అక్కడ పడేసి పరిగెత్తుకొచ్చేసరికి నాలుగు సెకన్లున్నాయి, ఒక్క పాయింట్ వెనకబడి ఉన్నాం. బంతి మనవాడి చేతిలో ఉంది. వాడు దిక్కులు చూసి, ఎక్కడో దూరం నుంచి విసిరాడు. అది రింగుకి తగిలి బయటికి దొర్లింది.

పెద్దన్న మెల్లగా నా వైపు తిరిగాడు. నా జుట్టులో ఉన్న పప్పుని కాసేపు చూశాడు.

"నువ్ లేశినవ్. మనం ఓడినం. గంతే."

"అన్నా, అలారం మోగితే..."

"ఇంటికి వో. వచ్చే శనివారం రాకు."

వచ్చే శనివారం సీజన్‌లో ఆఖరి మ్యాచ్. అది గెలిస్తేనే పెద్ద టోర్నమెంట్‌లోకి పిలుపు. బావ వైపు చూశాను. బావ తలకి కట్టిన చొక్కాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు, నన్ను చూడలేదు. నిజం చెప్తున్నాను, వీసా ఇంటర్వ్యూలో కూడా నాకంత దడ పుట్టలేదు. ఆ సోఫా పోతే ఈ దేశంలో నేను కూర్చుని నవ్వే చోటు ఇంకొకటి లేదు. అప్పుడు, నన్ను నేను కాపాడుకోడానికి, చరిత్రలో ఓడిన అభిమానులందరూ చేసిన పనే నేనూ చేశాను. కోచ్ మీద పడ్డాను.

"అసలు తప్పంతా కోచ్‌ది! నాలుగు సెకన్లుంటే టైమౌట్ తీసుకుని ఆట ఆపాలా వద్దా? కుర్రాళ్ళని పిలిచి ఏం చెయ్యాలో చెప్పాలా వద్దా? ఆ మాత్రం తెలీని మనిషి కోచ్ ఏంటి?"

పెద్దన్న తలుపు తీసి పట్టుకున్నాడు.

ఆదివారమంతా నేను కనబడ్డవాళ్ళందరికీ ఇదే ఉపన్యాసం. లైబ్రరీలో, బస్టాపులో, బట్టలు ఉతికే మెషీన్ల దగ్గర కూడా. ఎవరికీ మధ్యలో నోరు తెరిచే సందివ్వలేదు. క్యాంపస్ అంతా కూడా కోచ్ మీద కోపంగానే ఉంది. ముసలాడైపోయాడు, ఈయన్ని మార్చాలి అంటున్నారు. నాకు ఎక్కడలేని బలం వచ్చింది. పెద్దన్నకి ఫోన్ చేసి టైమౌట్ సంగతి మళ్ళీ వివరించాను. ఆయన మొత్తం విని, చాలా మెత్తగా, "గట్లనా? అయితే రేపు కోచ్ షో ఉన్నది గద. వొయ్యి ఆయన్నే అడుగు. మేం రేడియోల వింటం" అన్నాడు. పెద్దన్న మెత్తగా మాట్లాడితే అనుమానించాలని నాకప్పటికి తెలీదు.

కోచ్ షో అంటే, ప్రతి సోమవారం సాయంత్రం క్యాంపస్ ఎదురుగా ఉన్న పిజ్జా హోటల్లో కోచ్ వచ్చి కూర్చుంటాడు. అభిమానులు పిజ్జా తింటూ ప్రశ్నలడుగుతారు, అదంతా రేడియోలో వస్తుంది. నేను వీసా ఇంటర్వ్యూకి కుట్టించిన సూటు వేసుకెళ్ళాను. మైకు నా దగ్గరికి వచ్చింది. గొంతు సవరించుకుని, రాత్రంతా బట్టీ పట్టిన ప్రశ్నతో ఆయన్ని కడిగి పారేశాను. "కోచ్‌గారూ, ఆఖరి నాలుగు సెకన్లలో మీరు టైమౌట్ ఎందుకు తీసుకోలేదు? ఇది ప్రాథమిక విషయం కాదా?"

హాలంతా నిశ్శబ్దం. నా ప్రశ్న పదునుకి అందరూ నివ్వెరపోయారనుకున్నాను. (సూటు గుండీ కూడా పెట్టుకున్నాను, ఫోటో తీస్తారేమోనని.) కోచ్ పొడుగాటి మనిషి, తెల్లజుట్టు, రెండు రోజులుగా నిద్రలేని కళ్ళు. ఆయన ఇంగ్లీషులోనే మాట్లాడాడు గానీ నాకెందుకో తెలుగులోనే గుర్తుంది.

"బాబూ, మ్యాచ్ మొత్తం చూశావా?"

"ప్రతి క్షణం చూశాను."

"మరి వాళ్ళు పుంజుకుంటున్నప్పుడు వరసగా నేను తీసుకున్న టైమౌట్లు చూసే ఉంటావుగా. మ్యాచ్‌కి ఇన్నేనని లెక్క, ఆఖరిది నిమిషం ఉండగా అయిపోయింది. లేని టైమౌట్ అడిగితే మనకే ఫౌల్ ఇస్తారు. చూశావు కదా?"

చూడలేదు. ఆ టైములో నేను సీలింగ్ తుడుస్తున్నాను.

వెనకెవరో కిసుక్కున నవ్వారు. రేడియోలో పెద్దన్న వింటున్నాడు. ఆయనకి ముందే తెలుసు! మ్యాచ్ చూసినవాళ్ళందరికీ తెలుసు. "పొరపాటైంది" అని కూర్చుంటే సరిపోయేది. కానీ కోచ్ కోపంగా అడగలేదు. "అప్పుడు ఎక్కడున్నావు బాబూ?" అని నిజంగా తెలుసుకోవాలనుకుంటున్నట్టే అడిగాడు. నాలుగు నెలల్లో నన్ను అలా అడిగినవాళ్ళు తక్కువ. అంతే, నా నోరు ఆగలేదు. "వంటింట్లో" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. ఆరు విజిల్స్, అలారం, మేనేజర్ అంటించిన కాగితం, సీలింగ్ మీది పప్పు, సీట్లోంచి లేవకూడదన్న చట్టం, గుమ్మంలో నిలబడ్డ మా మేనత్త, అన్నీ. "నేను లేచాను కాబట్టి మనం ఓడిపోయామట. వచ్చే శనివారం నన్ను రానివ్వరు" అని కూడా అనేశాను. సూటు వేసుకుని రేడియోలో ఏడుపు మొహం పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

హోటలు హోటలంతా పగలబడి నవ్వింది. కోచ్ మాత్రం నవ్వలేదు. బల్ల మీదికి వంగి, "నువ్వన్నమాట ఆ లేచింది!" అన్నాడు. "మా ఆవిడ కూడా సెకండాఫ్‌లో సీట్లోంచి కదలదు. ఎన్నో ఏళ్ళ అలవాటు. మొన్న ఎవరో పలకరిస్తే లేచింది. రెండు రోజుల్నుంచీ ఆవిడతో సరిగ్గా మాట్లాడటం లేదు నేను. ఇవాళ ఇంటికెళ్ళి సారీ చెప్తాను." అప్పుడు నవ్వాడు. ఆ తర్వాత మైకు దగ్గరికి తీసుకుని, "వినే వాళ్ళకి ఒక మాట. టైమౌట్లు తొందరపడి వాడేసింది నేను. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. ఓడిపోవడం నా వల్ల. అతని సీటు అతనికి ఇచ్చెయ్యండి" అన్నాడు.

ఊళ్ళో సగం మంది ఆయన్ని తీసెయ్యాలంటున్న వారం అది. ఒక్క మాటతో ఆ ఓటమిని నా మీంచి తీసి తన మీద వేసుకున్నాడు. నేనూ అంతకుముందు రోజంతా ఆయన మీద వేస్తూనే తిరిగాను. ఇంటికి నడుస్తుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

శనివారం మధ్యాహ్నం తలుపు కొట్టింది పెద్దన్నే. "ఏం సారూ, రేడియో స్టార్‌వి అయినవ్, రావా?" అని. వెళ్తే కుడివైపు చివరి సీటు ఖాళీగా ఉంది. పప్పు పొద్దున్నే ఆయనే వండేశాడు. కుక్కర్ విజిల్ పీకి తన జేబులో వేసుకుని, మ్యాచ్ అయ్యాకే బయటికి తీశాడు. గెలిచాం. ఎంతతో గెలిచామో మర్చిపోయాను గానీ, మూడు గంటలు బాత్రూమ్‌కి కూడా లేవకుండా కూర్చున్నది మాత్రం బాగా గుర్తుంది. కోచ్ ఆ తర్వాత ఇంకొన్నేళ్ళు ఉన్నాడు. నేను ఆయన గురించి మళ్ళీ నోరెత్తలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న శనివారం మా అమ్మాయి ఫోన్ చేసింది. అదే యూనివర్సిటీలో మొదటి సంవత్సరం. అదే పక్క రాష్ట్రం వాళ్ళ మీద, మళ్ళీ ఒక్క పాయింట్‌తో ఓడిపోయాం. నేనూ ఇక్కడ సోఫాలో కూర్చుని చూశాను.

"నానా, ఈ కోచ్‌ని ఫైర్ చెయ్యాలి. సీరియస్లీ. ఎండింగ్‌లో టైమౌట్ తీస్కోలే."

"టైమౌట్లు మిగల్లేదమ్మా."

"అవునా? నేను చూడలే."

"నువ్వు అప్పుడు ఎక్కడున్నావు తల్లీ?"

"డోర్ దగ్గర. ఫుడ్ డెలివరీ వచ్చింది, ఎవరో తీస్కోవాలి కదా. అందరూ నేను లేచి జింక్స్ చేశా, నా వల్లే ఓడాం అంటున్నారు. నెక్స్ట్ గేమ్‌కి నన్ను పిలవరంట." అది ఆ ఊరు వెళ్ళి నాలుగు నెలలయింది.

"ఫోన్ స్పీకర్‌లో పెట్టు" అన్నాను. పెట్టింది. గది నిండా పిల్లలున్న చప్పుడు. గొంతు సవరించుకుని, నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. "పిల్లలూ, ఇందులో మా అమ్మాయి తప్పు లేదు. ఆఖరి ఐదు నిమిషాల్లో నేను లేచాను. స్టవ్ మీద కుక్కర్ ఉంటే కట్టెయ్యడానికి వెళ్ళాను. ఓడిపోవడం నా వల్ల. దాని సీటు దానికి ఇచ్చెయ్యండి." అవతల ఒక్కసారి పెద్ద నవ్వు, "ఓ అంకుల్!" అని తిట్లు, వాటి మధ్యలో మా అమ్మాయి నవ్వు. అదొక్కటే నాకు కావలసింది.

ఫోన్ పెట్టేసి చూస్తే మా ఆవిడ హాల్లో నిలబడి ఉంది, చేతిలో నల్లగా మాడిన కుక్కర్‌తో. "ఏడు విజిల్స్ వచ్చాయి. మేడమీంచి మూడుసార్లు కేకేశాను. సోఫాలోంచి అంగుళం కదల్లేదు మీరు. లేచానని ఆ పిల్లలకి ఎలా చెప్పారండీ?" అంది. ఇంత వయసొచ్చినా, ఆఖరి ఐదు నిమిషాల్లో లేచే ధైర్యం నాకింకా రాలేదు.