దెబ్బకు ముందు

రఘునాథపల్లిలో జనగామ బస్సు ఎక్కేసరికే నా మూడేళ్ల బిడ్డ నుదురు పగిలి ఉంది. బొట్టు పెట్టడానికి చోటు లేదు. దానికి మాటలు రాలేదు, గట్టిది ఏది కనిపించినా తల కొట్టుకునేది. ఇప్పుడు డాక్టర్లు ఆటిజం అంటున్నారు. ఆ డెబ్బైలలో మా ఊరు దాన్ని మొండిది అనేది. నేనూ అలాగే అనుకుని కొట్టేదాన్ని. నలభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, దాచి రాయడం నాకు రాదు.

బస్సు హారన్ మోగింది. బిడ్డ ముందు సీటు కడ్డీకి తల విసిరింది. పక్కన కూర్చున్న గొర్ల కాపరి తన గొంగడిని చటుక్కున అడ్డం పెట్టాడు. నేను చెయ్యెత్తాను.

"కొట్టకు చెల్లె. నోరులేని జీవాలు ఊకెనే తల కొట్టుకోవు. దెబ్బకు ముంగట ఏం జేస్తదో ఎన్నడన్న చూసినవా?"

"దెబ్బలు చూసుడే సరిపోతాంది, ఇంకేం చూడాలె?"

"గొర్రెకు రోగమొస్తే ముందుగాల నడకల తెలుస్తది. నువ్వు దీని చేతులు చూడు."

చూశాను. మళ్లీ హారన్ మోగింది. బిడ్డ వేళ్లు గబగబా ఆడాయి, చెవి గుంజుకుంది, ఆ తర్వాతే తల గొంగడికి తగిలింది. దెబ్బకు ముందు ఇంత జరుగుతోందా! మూడోసారి వేళ్లు ఆడగానే "వస్తున్నదన్నా, వస్తున్నది!" అని అరిచి దాని చెవులు రెండూ మూశాను.

"ఏమొస్తున్నదక్కా, చెకింగా?" అని కండక్టర్ బెదిరిపోయాడు.

బిడ్డ తల కదలలేదు. నేను పిచ్చిదానిలా నవ్వాను. కాపరి కూడా నవ్వి, గొంగడి భుజాన వేసుకుని తన ఊళ్లో దిగిపోయాడు. పేరు అడగడం మరిచాను.

తల కొట్టుకోవడం పూర్తిగా పోలేదు. కానీ ఆ ఏడు బతుకమ్మకు నా బిడ్డ నుదుటి మీద బొట్టంత చోటు దొరికింది.