దీక్షలో పడిన ఆ రెండు రోజులు

డిసెంబరులో మల్కాపురంలో ఎప్పుడు తెల్లారిందో తెలియదు. కొండ మీంచి దిగిన మంచు, హార్బరు మీంచి వచ్చే తేమ, రిఫైనరీ పొగ అన్నీ కలిసిపోయి వీధిని కప్పేస్తాయి. ఆ మసకలో పెరట్లో ఎవరో చెంబుతో చన్నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినిపించేది. వెంటనే వణుకుతూ ఒక మగగొంతు శరణుఘోష అందుకునేది. ఆ గొంతు మా ఆయనది. నేను రగ్గు కింద ముడుచుకుని, సగం నిద్రలో, అది ఎవరో పరాయి మనిషి గొంతనుకునేదాన్ని. ఆ నెలన్నరా ఆయన నిజంగా పరాయి మనిషే.

నల్లబట్టలు, మెడలో మాల, నుదుట గంధం. నేను ఆయన్ని స్వామీ అని పిలవాలి, ఆయన నన్ను మాతా అని పిలవాలి. పెళ్లై ఏడేళ్లయినా కడుపు పండక నెలనెలా ఏడ్చే మనిషిని పట్టుకుని, కట్టుకున్నవాడు పొద్దున్నే "మాతా, కొంచెం తులసాకు తెస్తావా" అంటే ఒళ్లు మండదా? నాకు మండింది. తులసాకు మాత్రం తెచ్చిచ్చాను.

నేను గోపాలపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. మాతోపాటు మా అత్తగారు ఉంటారు. అప్పటికి నాకు ముప్పై అయిదు నిండాయి. ఊళ్లో మేం చూపించుకునే డాక్టరమ్మ నెమ్మదైన మనిషి, కానీ మాట దాచదు. "మీ వయసుకి ఉండాల్సినదానికంటే గుడ్లు తక్కువగా కనిపిస్తున్నాయమ్మా. భయపడకండి, కానీ నెలలు వృథా చేయకండి" అంది. భయపడకండి అన్నాక ఎవరైనా భయపడకుండా ఉంటారా?

అంతకుముందు నాకు తెలిసిందల్లా పద్నాలుగో రోజు అనే మాటే. అత్తగారి లెక్క వేరు, ఆవిడ తలస్నానం చేసిన రోజు నుంచి లెక్కపెట్టేవారు. డాక్టరమ్మ ఆ రెండు లెక్కలూ కొట్టేసింది. గుడ్డు విడుదలయ్యేది రాబోయే నెలసరికి ఇంచుమించు రెండు వారాల ముందు, అందుకే అది అందరికీ ఒకే రోజు రాదు, మీకే ఒక నెల ముందూ ఒక నెల వెనకా కావచ్చు అంది. విడుదలయ్యాక గుడ్డు బతికేది ఒక్క రోజు, అదీ పూర్తిగా కాదు. మగవాడి బీజం మాత్రం లోపల కొన్ని రోజులు ఓపిగ్గా ఉంటుంది. కాబట్టి గుడ్డు వచ్చాక పరుగెత్తితే లాభం లేదు, భీమిలి బస్సు కోసం ముందే వెళ్లి నిలబడినట్టు, ఆ రెండు మూడు రోజులు ముందునుంచే కలవాలి. ఇదంతా విని నాకు తల తిరిగింది. ఇన్నేళ్లూ మేం బస్సు వెళ్లిపోయాక స్టాపుకి వెళ్తున్నామన్నమాట!

"మరి అన్నీ సరిగ్గా కుదిరితే వస్తుందా?" అని అడిగాను.

"కుదిరినా ఏ నెలకానెల రాకపోయే అవకాశమే ఎక్కువ. అందుకే నెలలు పోగొట్టుకోవద్దంటున్నాను" అంది.

పదో తరగతికి సంభావ్యత చెప్పేది నేనే. నాణేనికి జ్ఞాపకం ఉండదని, నాలుగుసార్లు బొరుసు పడింది కాబట్టి అయిదోసారి బొమ్మ పడి తీరాలని రూలేమీ లేదని, బల్ల గుద్ది మరీ చెప్తాను. క్లాసులో అంత ధీమాగా చెప్పే ఆ మాట ఇంట్లో నాకే మింగుడుపడేది కాదు.

అప్పటినుంచి మా ఇంట్లో నెల అంటే నెల కాదు. నెలసరి అయిన కొద్దిరోజులకి స్కాన్లు మొదలయ్యేవి. రోజు విడిచి రోజు వెళ్లి పడుకోవడం, తెర మీద గుడ్డు ఎంత పెరిగిందో చూపించుకోవడం, ఆ రోజు వచ్చిందనగానే ఆసుపత్రి మెట్ల మీంచే ఆయనకి ఫోన్లో "ఇవాళ" అని ఒక్క మాట పంపడం. ఆయన ఎవరినో బతిమాలి షిఫ్టు మార్చుకుని వచ్చేవారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా దీపం ఆర్పేవాళ్లం. పెళ్లిలా లేదు, డ్యూటీలా ఉంది.

ఆ ఏడు నవంబరులో, సరిగ్గా స్కాన్‌కి వెళ్లాల్సిన వారంలో, మా ఆయన ఎవరితోనూ ఒక్క మాటా అనకుండా గుడికి వెళ్లి మాల వేసుకుని వచ్చారు. గుమ్మంలో నల్లబట్టలతో నిలబడ్డ మనిషిని చూసి చేతిలో పళ్లెం వదిలేశాను.

అత్తగారు ఆనందం పట్టలేకపోయారు. "ఓలమ్మా, నా కొడుకు పిల్లల కోసం మాలేసుకున్నాడే! వచ్చీ ఏడాదికి మనింట్లో ఉయ్యాల ఊగుతాది, సూడు" అంటూ వీధిలో నాలుగిళ్లకీ చెప్పి వచ్చారు.

ఆవిడ అటు వెళ్లగానే నేను ఇటు మొదలుపెట్టాను. "ఏటండీ ఇది? నన్నో మాట అడగొద్దా?"

"మనకోసవే గదా ఏసుకున్నాను. మాలేసుకున్నోళ్లకి పిల్లలు పుడతన్నారని అందరూ సెప్తన్నారు" అన్నారు నేల చూస్తూ.

"మాలేసుకుంటే పుడతారేమో గానీ, మాలలో ఉంటే ఎలగ పుడతారండీ? అదెవరైనా సెప్పీరా మీకు?"

ఆయన చాప తెచ్చి హాల్లో పరుచుకున్నారు. బ్రహ్మచర్యం, నేల మీద పడక, రెండుపూటలా చన్నీళ్లు. చెప్పులు కూడా ఉండవు. పోర్టు గేటుదాకా ఉత్తికాళ్లతో వెళ్లి, లోపల మాత్రం రూలు కాబట్టి బూట్లు తొడుక్కునేవారు. ఆ నెల స్కాన్‌కి నేను వెళ్లనేలేదు. వెళ్లి ఏం చూడాలి?

తర్వాత నెలసరి వచ్చింది. ఇంట్లో ఆడమనిషి బయట చేరితే స్వామి ఆ ఇంట్లో ఉండకూడదు. ఆయన చాప చంకన పెట్టుకుని స్వాములంతా ఉండే పీఠానికి బయల్దేరారు. వీధి పొడుగునా ఆడవాళ్లు ఆ చాపని చూశారు. మామూలుగా అయితే నాకూ గోడలకీ మాత్రమే తెలిసే సంగతి ఆ రోజు మల్కాపురం అంతటికీ తెలిసింది. సిగ్గుతో, కోపంతో వంటింట్లో గిన్నెలు కూడా ముట్టుకోలేక అలా కూర్చుండిపోయాను.

ఆ కోపంలోనే మాత్రలు మింగడం మొదలుపెట్టాను. డాక్టరమ్మ అంతకుముందే రాసిచ్చింది, గుడ్డు బాగా పెరగడానికి. ఆయన మాల ఆయనది, నా మాత్రలు నావి. ఆయన పీఠం నుంచి తిరిగొచ్చాక, ఎవరికీ చెప్పకుండా స్కాన్‌కి కూడా వెళ్లాను. పంతం తప్ప ఇంకేమీ కాదు.

స్కానింగు గది చల్లగా, చీకటిగా ఉంటుంది. అక్కడ పడుకుంటే నాకెప్పుడూ నీళ్ల అడుగున ఉన్నట్టుంటుంది. బూడిదరంగు అలల మధ్య నేరేడుపండంత నల్లటి గుండ్రం ఒకటి నెమ్మదిగా తేలి వచ్చింది. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ కొలిచి, మొదటిసారి నవ్వింది.

"ఎడమవైపు. ఎంత బాగా వచ్చిందో చూడండి! ఇన్ని నెలల్లో ఇలాంటిది చూడలేదు మీకు. రేపో ఎల్లుండో విడుదలవుతుంది. ఈ రెండు రోజులూ కలవండి."

"మావారు మాలలో ఉన్నారండీ" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "అయ్యో" అంది. తుడుచుకోమని కాగితం అందించింది. ఆ నల్లటి గుండ్రం ఇంకా తెర మీదే ఉంది. ముద్దుగా ఉంది. నేనే కన్నట్టు మురిసిపోయాను దాన్ని చూసి, ఏం మురిపెమో అది!

ఇంటికి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. సాయంత్రానికే మంచు దిగింది. ఓడల దీపాలు నీళ్ల మీదో గాల్లోనో తెలియకుండా ఉన్నాయి, క్రేన్లు మెడలు మాత్రమే కనిపిస్తూ నిలబడ్డాయి. ఆ క్రేన్లలో ఒకదాంట్లో మొన్నటిదాకా నా మొగుడుగా ఉన్న మనిషి కూర్చుని ఉంటాడు. నా లోపల ఒకటి పండి, విడిపోవడానికి సిద్ధంగా ఉంది. ఈ రెండింటికీ మధ్య ఒక పూసల దండ. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, స్టాపు దాటిపోయింది. వెనక్కి నడిచి వచ్చాను.

రాత్రికి ఆయన డ్యూటీ దిగి వచ్చి, స్నానం, పూజ చేసుకుని డాబా మీద కూర్చుని ఉన్నారు. దూరంగా రిఫైనరీ మంట మంచులో ఎర్రగా మసకబారి ఉంది. నేను వెళ్లి కొంచెం ఎడంగా కూర్చున్నాను.

"స్కాన్‌కెళ్లాను. గుడ్డు బాగా పండిందంట. రేపో ఎల్లుండో వదిలీస్తాదంట" అన్నాను.

ఆయన మొహం రిఫైనరీ వైపు తిప్పుకున్నారు. నాతో కాదు, ఆ మంటతో చెప్తున్నట్టు మొదలుపెట్టారు.

"నానీ మాల పిల్లల కోసం ఏసుకోలేదు."

"మరి?"

"నువ్వు ఫోన్లో ఇవాళ అని పెట్టీదానివి. నాను పైన కేబిన్లో ఉండీవోణ్ని. ఆ మాట సూడగానే ఫోను బోర్లా పెట్టీసీవోణ్ని. ఇంటికి రాబుద్దయ్యీది కాదు. నీ మీద ఇష్టం లేక కాదు, ఒట్టు. ఆ రోజు నావల్ల కాకపోతే ఏటైపోతాదో అని బయం. ఎవులికి సెప్పుకోను? మాలేసుకుంటే ఎవులూ ఏటీ అడగరు గదా, కొన్నాళ్లు ఊపిరి పీల్సుకుందామని ఏసుకున్నాను."

జాలి పడాల్సిన మాటలే. నాకు మాత్రం ముందు కోపమే వచ్చింది.

"మీకు మాలున్నాది, పీఠం ఉన్నాది. సాపట్టుకుని ఎల్లిపోడానికి సోటున్నాది. నాకేటున్నాది? నా ఒంట్లోంచి నానెక్కడికి ఎల్లిపోను?" అన్నాను. అని, ఏడ్చాను. పక్క డాబావాళ్లు వింటే విననీ అని గట్టిగానే ఏడ్చాను.

ఆయన చెయ్యి నావైపు లేచింది. మధ్యలో ఆగింది. ముట్టుకోకూడదని గుర్తొచ్చి అలాగే గాలిలో ఉండిపోయింది. ఆ చెయ్యే మెల్లగా వెళ్లి మెడలోని మాలని పట్టుకుంది.

"తీసీమంటావా?" అన్నారు. "ఇప్పుడే గురుస్వామి కాడికెల్లి తీసీస్తాను. దేవుడికి నాను సెప్పుకుంటాను. అమ్మకీ నానే సెప్తాను."

తీసేయండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నెలలు వృథా చేయకండన్న డాక్టరమ్మ, ఆ నేరేడుపండు, నా ముప్పై అయిదేళ్లు, అన్నీ ఒక్కసారిగా తీసేయించు అన్నాయి. నాకు కావాలి, ఎంత కావాలో చెప్పలేను. కానీ తీసేస్తానన్న ఆ పిడికిలే పూసల్ని ఇంకా బిగించి పట్టుకుంది. ఈ మనిషి ఇవాళ మాల తీసి వస్తే, బిడ్డ రాకపోతే అందుకే రాలేదంటుంది ఊరు, ఆయనా నమ్ముతారు. వస్తే, ఆ బిడ్డకి ఒళ్లు వెచ్చబడిన ప్రతిసారీ తన తప్పేనని దేవుడి పటం ముందు కూలబడతారు. పైగా ఆ మొహం, కేబిన్లో ఫోను తెరిచి చూసుకున్న మొహం ఎలా ఉండేదో అప్పుడే మొదటిసారి చూశాను.

"వద్దు" అన్నాను.

"నిజంగానా?"

"వద్దన్నాను గదా. ఉండనీండి."

ఇద్దరం అలాగే కూర్చున్నాం, మధ్యలో ఒక చాప పట్టేంత జాగా వదులుకుని. హార్బరులో ఏదో ఓడ కూత వేసింది. అంత దగ్గరగా కూర్చుని కూడా ముట్టుకోకుండా ఉన్నది అదే మొదలు, ఎన్నో ఏళ్ల తర్వాత ఒక్కచోట ఉన్నట్టనిపించిందీ అప్పుడే.

మర్నాడు మధ్యాహ్నం బోర్డు మీద లెక్క వేస్తుండగా ఎడమపక్క పొత్తికడుపులో చిన్నగా గుంజినట్టయింది. అదే అయ్యుంటుందని ఖాయంగా ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. అయినా సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెళ్లిపోయింది అనుకున్నాను. రేపటికల్లా ఉండదు. తర్వాత చాలా నెలలు స్కాన్లకి వెళ్లాం, ఇప్పటికీ వెళ్తున్నాం, పిల్లల కోసం ఎదురుచూస్తూనే ఉన్నాం. కానీ అలా పేరుపెట్టి ఏడవాలనిపించింది ఆ ఒక్కదానికే.

ఆ తర్వాతి రోజులు కలలోలా గడిచాయి. ఆయన హాల్లో చాప మీద, నేను గదిలో మంచం మీద, మధ్యలో తెరిచిన తలుపు. తెల్లారగట్ల చన్నీళ్లకి లేవడానికి ముందు, వీధి ఇంకా మంచులో ఉండగా, ఇద్దరం కళ్లు మూసుకునే మాట్లాడుకునేవాళ్లం. కొన్ని పొద్దుల్లో క్రేన్ పైనుంచి చూస్తే సముద్రమేదో ఆకాశమేదో తెలియదని, పాలల్లో వేలాడుతున్నట్టుంటుందని చెప్పారు ఆయన. ఏడేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. బోర్డు మీద కూడిక తప్పు చేసి, పిల్లలు పట్టుకుంటే, కావాలనే చేశానని బుకాయించిన సంగతి నేను చెప్పాను. స్వామివారు చాప మీద దొర్లి దొర్లి నవ్వారు. "స్వామి అలగ నవ్వొచ్చేటి?" అని అత్తగారు పక్కగదిలోంచి కంగారుగా అడిగారు.

నెలాఖరుకి ఇరుముడి కట్టుకుని కొండకి వెళ్లి వచ్చారు. అత్తగారు పటం ముందు నిలబెట్టి, తన చేత్తోనే మాల తీశారు. కొడుకు ఇన్నాళ్లూ తినలేదని చేపల పులుసు పెట్టి, ప్రసాదం డబ్బా పట్టుకుని గోపాలపట్నంలో కూతురింటికి బయల్దేరారు.

మధ్యాహ్నం ఎండ వచ్చింది. ఆయన చొక్కా లేకుండా భోజనానికి కూర్చున్నారు. మెడ చుట్టూ మాల ఉన్నచోట చర్మం తెల్లగా గీత గీసినట్టు ఉంది. నేను పులుసు వడ్డిస్తూ ఆ గీతనే చూస్తున్నాను.

"డాక్టరమ్మ కాడికి మల్లీ ఎప్పుడెల్లాల?" అన్నారు కంచంలోకి చూస్తూ.

"నెలసరి వచ్చాక. రేపో ఎల్లుండో వచ్చీస్తాది."

"మరి ఇయ్యాల?"

"ఇయ్యాల దేనికీ పనికిరాదు" అన్నాను.

ఆయన తలెత్తి నావైపు చూశారు. లేచి చెయ్యి కడుక్కుని, వెళ్లి వీధి తలుపు గడియ పెట్టారు. పెళ్లైన కొత్తలో తప్ప పట్టపగలు ఆ చప్పుడు నేను వినలేదు.