ఎక్కాలకు ఊగిన ఉయ్యాలలు

పోయిన నెలలో మా పక్కింటి అవ్వ చనిపోయింది. ఆ కబురు చెప్పడానికి మా నాయన రైలెక్కి మార్కాపురం వచ్చాడు. నేనుండి చదువుకునే బోర్డింగు గేటు దగ్గర నిలబడి, వార్డెనమ్మగారికి దణ్ణం పెట్టి, నన్ను చూడగానే వాన సంగతి చెప్పాడు. తరువాత మేక ఈనిందన్నాడు. మేక సంగతి చెప్పడానికి నాయన కూలి మానుకొని రాడని నాకు తెలుసు.

"ఇంట్లో ఎవరికేమైంది నాయనా?" అని నేనే అడిగాను.

"ఇంట్లో అందరూ బాగుండారు. పక్కింటి అవ్వ పోయింది పాపా. పొద్దున లేచి మొకం కడుక్కున్నాది. అరుగు మీద కూచున్నాది. ఇంక లేవలేదు."

ఇద్దరం రైలెక్కి దొనకొండలో దిగి మా పల్లెకు నడిచాం. దారిపొడుగునా నాయన ముందు, నేను వెనక. ఏడుపు రాలేదు. ఇంటికి పోగానే గోడ మీద నుంచి "ఏమే, మార్కాపురం దొరసానీ, ఇంత బక్కపడినావేందే?" అని ఆ గొంతు వినిపిస్తుందనే నడిచాను. గోడ దగ్గరికి వచ్చాం. గొంతు రాలేదు. అప్పుడు ఏడ్చాను.

అవ్వ మాకు చుట్టం కాదు. గోడ అవతలి మనిషి, అంతే. ఒక్కగానొక్క కొడుకు రైలు పట్టాల పనిలో గిద్దలూరు అవతల ఉండేవాడు. అవ్వకు అక్షరం ముక్క రాదు. అయినా నేను ఈరోజు ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆమె వల్లనే. అందుకే ఆమె గురించి రాస్తున్నాను.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి బడి అంటే పలక, పుస్తకం, అయివారి బెత్తం గుర్తుకు వస్తాయి. మా పల్లె ఆడపిల్లలకు బడికి పోవాలంటే ముందు చంక ఖాళీగా ఉండాలి. అమ్మలు తెల్లారేసరికి రైతుల చేలల్లోకి కలుపుకో కోతకో పోతారు. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే అక్క ఎత్తుకోవాలి. పల్లె పక్కనే బోర్డు బడి ఉంది. చదువుకు జీతం కట్టనక్కరలేదు. ఆడపిల్లలు ఒకటో తరగతిలో చేరతారు. ఇంట్లో కాన్పు కాగానే మానేస్తారు. అయివారు ఇళ్ళ చుట్టూ తిరిగి "పిల్లను పంపండమ్మా" అంటే, అమ్మలు కొంగు సవరించుకొని "పంపుతాము సామీ" అనేవాళ్ళు. పంపేవాళ్ళు కాదు. అయివారికి కోపం. అమ్మలకు భయం. బడి గుమ్మం దాకా వచ్చి మాట్లాడే ధైర్యం ఎవరికీ లేదు.

నేను మూడో తరగతిలో ఉండగా తమ్ముడు పుట్టాడు. నా పలకను అమ్మ గూట్లో పెట్టింది. కోపంతో కాదు, చిన్నదైపోయిన గౌను మడిచి పెట్టినట్టు పెట్టింది. గోడ అవతల నుంచి అవ్వ చూసింది.

"అదేందమ్మా, పలక గూట్లో పెట్టినావు?"

"ఏం చేసేది అత్తా? వాణ్ణి ఎవరెత్తుకుంటారు?"

"నేను చచ్చినానా?"

"నీ ఇంట్లో వదిలితే నీకు కునుకు పడతాది. వాడు ఏడిస్తే ఎవరికి వినపడాల? వాని అక్క గొంతు వినపడకుంటే వాడు ఉండడు."

అవ్వ గోడ మీదికి వంగింది. "అయితే అక్క యాడుంటే ఆడనే ఉంటాడు, పో" అంది.

మరునాడు పొద్దున అవ్వ తమ్ముణ్ణి ఎత్తుకొని, అమ్మ పాతచీర భుజాన వేసుకొని బడికి వచ్చింది. ఎవరినీ అడగలేదు. వసారా దూలానికి చీర కట్టి ఉయ్యాల వేసింది. అయివారు బెత్తం పట్టుకొని బయటికి వచ్చారు.

"ఏందవ్వా ఇది? బడి అనుకున్నావా, పురుడు పోసే ఇల్లనుకున్నావా?"

"బడే సామీ. లోపలి పిల్లోళ్ళు నిద్రపోకుండా మీరు చూడండి. బయటి పిల్లోళ్ళు మేలుకోకుండా నేను చూస్తా."

పిల్లలందరం నవ్వాము. అయివారు నవ్వలేదు గాని ఉయ్యాల విప్పమని కూడా అనలేదు.

కొద్దిరోజుల్లో ఆ దూలానికి ఇంకా ఉయ్యాలలు వచ్చాయి. అవ్వ అన్నిటినీ కలిపి ఒకే తాడు కట్టింది. గోడకు ఆనుకొని కూర్చొని తాడు లాగితే వరుసగా అన్నీ ఊగేవి. లోపల మేము ఎక్కాలు చెప్పేవాళ్ళం. ఒకరు ముందు చెబితే అందరం అందుకునేవాళ్ళం. ఆ ఊపుకే అవ్వ చెయ్యి కదిలేది. రెండొకట్ల రెండు, ఇటు. రెండ్రెండ్ల నాలుగు, అటు.

దీనివల్ల ఒక చిత్రం జరిగింది. మా పల్లె చంటిబిడ్డలకు జోలపాట పనికిరాకుండా పోయింది. ఇంటి దగ్గర ఎంత పాడినా కళ్ళు మూయరు. ఎక్కం చెబితే నిద్రపోతారు. అమ్మలు అవ్వ మీదికి తగువుకు వచ్చారు. "ఏం మందు పెట్టినావు మా బిడ్డలకు? మాకు ఎక్కాలు యాడొస్తాయి?" అని ఒకామె అంటే, అవ్వ "రాకుంటే నేర్చుకో. నీ కూతుర్నడుగు, కాళ్ళు పట్టించుకొని చెప్పుతాది" అంది. నిజంగానే అమ్మలు కూతుళ్ళ దగ్గర ఎక్కాలు నేర్చుకున్నారు. మా అమ్మకు రెండో ఎక్కం పది దాకా వచ్చింది. ఆపైన అవసరం పడలేదు. తమ్ముడు పది రాకముందే నిద్రపోయేవాడు.

మధ్యాహ్నం అమ్మలు బిడ్డలకు పాలివ్వడానికి చేలల్లోంచి వచ్చేవాళ్ళు. మోచేతుల దాకా మట్టి. కడుక్కొని వసారాలో గోడవారగా కూర్చునేవాళ్ళు. అప్పుడు లోపల మేము పాఠం చదువుతుంటే వాళ్ళకు వినపడేది. అంతకు ముందు మా అమ్మ నా చదువు విన్నది లేదు. మొదటిరోజు నా గొంతు విని పక్కనామెతో "మా పాప" అంది. నేను చదువుతున్న వరుస తప్పిపోయింది. తరువాత అయివారు కూడా మారారు. అమ్మలు వచ్చే వేళకే ఆడపిల్లలను లేపి చదివించేవారు. ఒకరోజు ఆయనే గుమ్మంలోకి వచ్చి "మీ పిల్ల బాగా చదువుతుందమ్మా" అన్నారు. అమ్మ తల వంచుకొని కూర్చుంది. ఇంటికి వచ్చాక నాయనకు మూడుసార్లు చెప్పింది.

అవ్వకు ఒక మాట అలవాటు. బిడ్డలందరూ ఒకేసారి గోల పెడితే "ఏడ్చే బిడ్డతో భయం లేదులే. ఏడవని బిడ్డను చూసుకోవాల" అనేది.

ఆ ఏడు వానలు పోయాక పల్లెలో జ్వరాలు వచ్చాయి. ఒకరోజు మధ్యాహ్నానికి ముందే అవ్వ తాడు వదిలి లేచింది. తమ్ముడు పొద్దున నుంచి ఏడవలేదు. వాణ్ణి రొమ్ముకు అదుముకొని, ఆ ఎండలో, అమ్మ కలుపు తీస్తున్న చేను దాకా పరుగెత్తింది. ఆ వయసులో ఆమె పరుగెత్తడం నేను కిటికీలోంచి చూశాను. నాయన బండి కట్టించి వాణ్ణీ అమ్మనూ దొనకొండ ఆసుపత్రికి తీసుకుపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ బండిలో కూర్చోలేదు. వాణ్ణి ఎత్తుకొని బండి వెనకాల నడిచి వచ్చింది.

సమాధుల దగ్గర మా చర్చి ఉపదేశిగారు ప్రార్థన చేశారు. కీర్తన పాడారు. ఆడవాళ్ళు లేచారు. అమ్మ లేవలేదు. ఆ చిన్న మట్టికుప్ప పక్కన కూర్చొని ఏదో గొణుగుతోంది. ప్రార్థన అనుకొని నేను దగ్గరికి పోయాను. "రెండొకట్ల రెండు. రెండ్రెండ్ల నాలుగు. రెండుమూళ్ళ ఆరు." పది దాకా చెప్పి లేచింది.

ఆ తరువాత జరిగింది రాయడం కష్టం. బావి దగ్గర మాటలు మొదలైనాయి. "అక్క చంకలో ఉన్న బిడ్డ యాడికీ పోడు. ఉయ్యాల్లో ఏసి బడిపాలు చేసినారు" అన్నారు. ఒక్కొక్క అమ్మ వచ్చి తన చీర విప్పుకొని పోయింది. అవ్వతో ఎవరూ పోట్లాడలేదు. పోట్లాడితే బాగుండేదేమో. చీర విప్పి, మడిచి, బిడ్డను ఎత్తుకొని పోయారు. ఆడపిల్లలు మళ్ళీ ఇళ్ళలో ఉండిపోయారు.

నేను కూడా ఇంట్లోనే కూర్చున్నాను. అమ్మ పనికి పోబోతూ చూసి అడిగింది.

"బడికి పోలేదేంది?"

నేను గూటి వైపు చూశాను.

"పో. ఎత్తుకోను ఇంక ఎవరుండారు నీకు?"

తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఇప్పుడిప్పుడే తెలుసుకుంటున్నాను. నిఘంటువు తెరిస్తే మూయబుద్ధి కాదు. దుఃఖానికే ఎన్ని పేర్లో. కాని ఆనాడు అమ్మ అన్న ఆ మాట పక్కన పెట్టడానికి ఒక్కటీ దొరకలేదు.

బడిలో నేనొక్కదాన్నే ఆడపిల్లను. అవ్వ మాత్రం రోజూ వచ్చేది. ఖాళీ వసారాలో అదే గోడకు ఆనుకొని కూర్చునేది. ఎందుకు వస్తున్నావని అయివారు అడగలేదు. ఎండ ముదిరాక లోటాతో నీళ్ళు పంపేవారు. మేము ఎక్కాలు మొదలుపెడితే అవ్వ లేచి పోయేది. నా వైపు చూసేది కాదు. ఇంటి దగ్గర గోడ అవతల నుంచి ఒక్క మాట వచ్చేది కాదు. అమ్మ కూడా పలకరించలేదు.

మరుసటి ఏడు చెల్లెలు పుట్టింది. అమ్మ మళ్ళీ పనిలోకి పోయే రోజు దగ్గరపడేకొద్దీ పల్లె పల్లెంతా మా ఇంటి వైపే చూసింది. నా సంగతి నాకు అర్థమైపోయింది. పలక కడిగి నేనే గూట్లో పెట్టుకున్నాను.

ఆ పొద్దున అమ్మ చెల్లెల్ని ఎత్తుకొని నన్ను రమ్మంది. "పలకేదీ?" అంది. తెచ్చుకున్నాను. వీధిలో ఆడవాళ్ళు కొడవళ్ళతో నిలబడి ఉన్నారు. అమ్మ వాళ్ళ మధ్య నుంచే బడికి నడిచింది. మమ్మల్ని చూసి అవ్వ లేచి నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దమ్మా. నా చేతికియ్యొద్దు."

"నీ చేతికి కాకుంటే ఎవరి చేతికియ్యాల అత్తా?"

"నా చెయ్యి మంచిది కాదంటాండారు."

"వానికి బాగలేదని కన్నదానికంటే ముందు నీకే తెలిసింది. పట్టుకో. నాకు పొద్దుపోతాంది."

అవ్వ చేతులు ముందుకు రాలేదు. అమ్మే ఆమె చేతులు పట్టి ముందుకు లాగి, బిడ్డను పెట్టి, వెనక్కి చూడకుండా చేనికి పోయింది. అవ్వ గోడవారగా జారి కూర్చుంది. చెల్లెలు ఏడవడం మొదలుపెట్టింది. అవ్వ కూడా ఏడ్చింది. లోపల అయివారు ఆరోజు ఎక్కాలు చెప్పించలేదు. పద్యం చదివించారు.

వారం తిరగకముందే ఉయ్యాలలు మళ్ళీ వచ్చాయి. ఆ ఉయ్యాలల పుణ్యాన మా పల్లె ఆడపిల్లలం కొందరం అయిదో తరగతి దాటాము. నేను మార్కాపురం వచ్చాను. సెలవులకు పోయినప్పుడల్లా అవ్వ నా చెయ్యి తిప్పి చూసేది. "సిరా మరకే గదా, పేడ మరక కాదు గదా" అని నవ్వేది.

అవ్వను మట్టిచేసిన రోజు ఆమెకు స్నానం చేయించింది మా అమ్మ. కుడి అరచేతిలో తాడు రాపిడికి కాయ కాసి ఉంది. అమ్మ ఆ చోట చాలాసేపు సబ్బు రుద్దింది. అది పోయేది కాదని ఆమెకూ తెలుసు.

సమాధుల దగ్గర నుంచి వచ్చాక ఆడవాళ్ళు మా అరుగు మీద కూర్చున్నారు. రేపటి నుంచి బిడ్డల్ని ఎవరు చూస్తారనే మాట వచ్చింది. ఎవరిని తప్పు పట్టాలి? ఒకామె "నేను కూచుంటా గాని, నా ఇంట్లో పొయ్యెట్ల వెలుగుతాది?" అంది. మిగిలినవాళ్ళు తమ పొయ్యిలు గుర్తుకొచ్చి లేచారు. మా చెల్లెలు ఈ ఏడే ఒకటో తరగతిలో చేరింది. దాని కింద మాకొక చంటి తమ్ముడున్నాడు.

"నేను కొన్నాళ్ళు ఉంటానమ్మా" అన్నాను.

"నువ్వు ఈడుంటే అవ్వ చేసిందంతా యాడికి పోవాల? పో. ఏదో ఒకటి చూద్దాం" అంది అమ్మ. ఆ ఏదో ఒకటి ఏమిటో ఆమెకూ తెలియదు. తెలియదని ఆమె గొంతే చెప్పింది.

మరునాడు నేను బయలుదేరేసరికి అమ్మా నాయనా పనికి పోయారు. బడి ముందు నుంచే స్టేషను దారి. లోపల ఒకటో తరగతి వాళ్ళు అక్షరాలు దిద్దుతున్నారు. బయట ఎండలో చెల్లెలు నిలబడి ఉంది. చంకలో తమ్ముడు. రెండు చేతులూ వాడి నడుముకే సరిపోయాయి. లోపల అయివారు ఒక్కొక్క అక్షరం పలుకుతుంటే, అది కాలి బొటనవేలితో మట్టిలో దిద్దుతోంది. నన్ను చూడలేదు. వాడు జారాడు. వాణ్ణి పైకి ఎగదోసి అటు చంకకు మార్చుకుంది. ఒంటి బరువు అటు పడేసరికి ఆ కాలు లేవలేదు. ఒక్క క్షణం ఆగి, రెండో కాలు ముందుకు చాపి, ఆ అక్షరాన్నే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.